వేలిముద్ర పడని రోజు నుంచి

నవంబరు పెన్షనర్లకి పరీక్షల నెల. బతికే ఉన్నామని ఏటా రుజువు చూపించకపోతే పెన్షన్ ఆగిపోతుంది. మా నాన్న రిటైరైన హైస్కూలు మాస్టారు. డెబ్బై తొమ్మిదో ఏట లైఫ్ సర్టిఫికెట్ కోసం తీసుకెళ్తే మిషన్ మీద బొటనవేలు పడలేదు. చూపుడువేలూ పడలేదు. కౌంటర్లో కుర్రాడు తడిగుడ్డతో తుడిచి చూశాడు, గట్టిగా అదిమి చూశాడు, వరసగా పదివేళ్లూ పెట్టించాడు. "అరిగిపోయాయండీ" అన్నాడు చివరికి. ముప్పై నాలుగేళ్లు సుద్దముక్క పట్టిన చెయ్యి అది. "మనిషే అరిగిపోయాక వేళ్లదేముందిలే నాయనా" అని నాన్న నవ్వారు. ఆ కుర్రాడే ఫోన్ తీసి ముఖం స్కాన్ చేసే పద్ధతిలో పని కానిచ్చాడు. కళ్లార్పమంటే ఈయన గట్టిగా మూసుకుని కూర్చున్నారు. మూడోసారికి పడింది.

ఆయన పోయింది ఆ తర్వాత రెండేళ్లకి. కానీ వెనక్కి చూసుకుంటే నాన్న నాకు దూరమవడం ఆ కౌంటర్ దగ్గరే మొదలైందనిపిస్తుంది. అంతవరకూ ఆయన చెయ్యి పట్టుకుని నడిచింది నేను. ఆ రోజు మెట్లు దిగేటప్పుడు ఆయనే నా చెయ్యి పట్టుకున్నారు. పట్టుకున్న సంగతి ఆయనకి తెలిసినట్టు కూడా లేదు.

నలభై ఐదు, యాభై దాటినవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిస్తే ఈమధ్య మాటలు ఇటే తిరుగుతున్నాయి. పిల్లల ఎంసెట్ టెన్షన్ ఒకపక్క, అమ్మ మోకాళ్ల ఆపరేషన్ ఇంకోపక్క. వాళ్లవీ నావీ కలిపి చూసుకుంటే నాకు అర్థమైంది ఇది: అమ్మానాన్నల్ని మనం ఒక్క రోజులో పోగొట్టుకోం, విడతల్లో పోగొట్టుకుంటాం. ఒక్కో విడతకి ఒక్కో రకం పని ఉంటుంది. ఆ పని అప్పుడు చేయకుండా తర్వాతికి నెట్టేస్తే అది అక్కడ పదింతల బరువై కూర్చుంటుంది. ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే విషయం ఐసీయూ బయట అన్నాచెల్లెళ్ల తగవవుతుంది. ఒక్క సంతకంతో అయ్యే పని కోర్టు కేసవుతుంది.

"మాకేంటమ్మా, బానే ఉన్నాం"

మొదటి విడత చప్పుడు లేకుండా వస్తుంది. ఫోన్ చేసి అడిగితే ఎప్పుడూ ఇదే జవాబు. దీన్ని నమ్మకూడదు, వెళ్లి వంటింట్లో చూడాలి. గడువు దాటిన మందులు, అడుగు మాడిన గిన్నెలు, ఒకే కరెంటు బిల్లు రెండుసార్లు కట్టిన రసీదులు కనిపిస్తాయి. బాత్రూంలో జారిపడతామన్న భయంతో రోజూ చేసే స్నానం వారానికి రెండుసార్లు అయి ఉంటుంది. ఇవేవీ ఫోన్లో చెప్పుకునే విషయాలు కావు కదా.

మా అమ్మ నాన్న మందులకి పాత పోపుల డబ్బా వాడేది. డబ్బాలో ఏడు గిన్నెలు, వారానికి ఏడు రోజులు. నడిమి గిన్నె ఆదివారం. ఎంత కడిగినా ఆవాల వాసన పోలేదు. బీపీ బిళ్ల వేసుకుంటూ నాన్న "ఇవాళ తాలింపు బాగా పడిందే" అనేవారు. అమ్మ తెలివికి నేను మురిసిపోయి ఫొటో తీసి అన్నయ్యకి పంపాను. ఆర్నెల్ల తర్వాత వెళ్లేసరికి బుధవారం గిన్నెలో బిళ్లలు అలాగే ఉన్నాయి. శుక్రవారం గిన్నెలో రెండు రోజులవి ఉన్నాయి. నాకప్పుడు భయం వేసింది నాన్న గురించి కాదు, డబ్బా నింపే అమ్మ గురించి.

ముసలితనం రెండో బాల్యమంటారు. ఆ మాట నాకు నచ్చదు. పసివాడికి ఉండేది చిన్నతనం. పసివాడికి చేసినట్టే పెద్దవాళ్లకీ అన్నీ మనమే చేయబోతే వాళ్లకి చిన్నతనంగా ఉంటుంది. యాభై ఏళ్లు ఇల్లు నడిపిన మనిషి చేతిలోంచి బండి తాళం లాక్కున్నా, "నీకు తెలీదు ఊరుకో" అన్నా, ఆయనకి మనమీద వచ్చేది కోపం ఒక్కటే. కర్ర పట్టుకోనని మూడు నెలలు భీష్మించుకున్న నాన్న, అటక మీంచి తాతయ్య చేతికర్ర దించి ఇస్తే మారుమాట్లాడకుండా పట్టుకున్నారు. ఆ ఆలోచన నాది కాదు, మా పనిమనిషిది.

రేకుపెట్టె

చావు గురించి, ఆస్తి గురించి ఎత్తడం మన ఇళ్లలో అశుభం. అడిగితే ఆస్తి మీద కన్నేశామనుకుంటారని పిల్లలకి భయం. చెబితే బెంగపెట్టుకుంటారని పెద్దవాళ్లకి భయం. నేను దొడ్డిదారిన వెళ్లాను. "తాతయ్య పోయాక పొలం మీ అన్నదమ్ములు ఎలా పంచుకున్నారు నాన్నా?" అని అడిగాను. రెండు గంటలు చెప్పారు. ఏ గట్టు దగ్గర తగవొచ్చిందో, పెదనాన్న ఏడేళ్లు మా గడప ఎందుకు తొక్కలేదో, అన్నీ. చెప్పడం అయ్యాక తనే లేచి బీరువాలోంచి రేకుపెట్టె తెచ్చి నా ముందు పెట్టారు.

ఆ పెట్టె ముందు కూర్చున్నాకే చాలా విషయాలు తెలుసుకున్నాను. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద రాసి ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, వాళ్లూ సంతకాలు చేస్తే చెల్లుతుంది. అయినా రిజిస్టర్ చేయించడమే మేలంటాను. "ఆ సంతకం నాన్నది కాదు" అనే నోళ్లు కొంతైనా మూతపడతాయి. వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి స్వార్జితం ఆయన భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి, తల్లి బతికుంటే ఆవిడకి కూడా సమానంగా వెళ్తుంది. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకి లెక్కలు వేరు. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకి కొడుకులతో సమానంగా హక్కు ఎన్టీఆర్ ప్రభుత్వం 1985లోనే ఇచ్చింది. కూతుళ్లందరికీ దేశమంతటా అది వచ్చింది 2005లో. ఇంత జరిగినా "నీకు కట్నం ఇచ్చేశాంగా" అనే మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది.

నామినీ అంటే వారసుడని చాలామంది అనుకుంటారు. బ్యాంకు దృష్టిలో నామినీ అంటే డబ్బు అందుకుని అసలు వారసులకి అప్పజెప్పాల్సిన మనిషి. సుప్రీంకోర్టు 1983లో ఇన్సూరెన్స్ కేసులో ఈ మాట చెప్పింది, 2023 డిసెంబరులో షేర్ల విషయంలోనూ అదే చెప్పింది. ఇన్సూరెన్స్‌లో మాత్రం 2015 నుంచి భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ డబ్బు వాళ్లదేనని చట్టం చెబుతోంది. అయితే నామినీ అసలే లేని ఖాతా నరకం. కాబట్టి పేరు రాయించడం రాయించాల్సిందే, అంతటితో పంపకం అయిపోయిందని మాత్రం అనుకోకూడదు.

అందరికంటే ఎక్కువ దెబ్బతినేది జీపీఏ నమ్ముకున్నవాళ్లు. "జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నాం, ఇంక బెంగలేదు" అంటారు. రాసిచ్చిన మనిషి పోతే అది చెల్లదని కొందరికైనా తెలుసు. ఆ మనిషికి మతి తప్పినా చెల్లదని తెలిసినవాళ్లు తక్కువ. అంటే సరిగ్గా అవసరం పడే రోజున అది చిత్తుకాగితం. ఆపైన తండ్రి ఖాతాలోంచి తండ్రి వైద్యానికే డబ్బు తీయాలన్నా గార్డియన్‌గా నియమించమని కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు. మేం ఆ పెట్టె తెరిచిన వారంలోనే నాన్న ఖాతాని అమ్మతో కలిపి 'ఐదర్ ఆర్ సర్వైవర్'గా, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవాళ్లు నడుపుకునేలా మార్పించాం. ఆయన పోయాక మాకు బాగా పనికొచ్చింది ఆ అరపూట పని.

ఇక రెండో వైపు. ప్రేమకొద్దీ ఇల్లు పిల్లల పేర రాసేసి ఆ తర్వాత అదే ఇంట్లో వరండాలోకి మారిన పెద్దవాళ్లు మనకి తెలియనివాళ్లేం కాదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. దాని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ రాసిచ్చింది రద్దు చేయమని అడగొచ్చు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ఇల్లు ఖాళీ చేయించి పెద్దవాళ్లకి అప్పగించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కి ఉందని చెప్పింది. కానీ షరతు గిఫ్ట్ డీడ్‌లో రాసి ఉంటే ఒక బలం, లేకపోతే వాదనలు. డాక్యుమెంట్ రైటర్ చేత ఆ ఒక్క వాక్యం రాయించడానికి మొహమాటపడొద్దు. ట్రిబ్యునల్ అంటే మన దగ్గర ఆర్డీవో. నెలకి 10,000 రూపాయల దాకా పోషణ ఇప్పించే వీలుంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14567కి ఫోన్ చేస్తే చెబుతారు, అది పెద్దవాళ్ల హెల్ప్‌లైన్.

ఎవరి వంతు

అదే చట్టంలో నాకు విడ్డూరంగా తోచింది ఒకటుంది. పోషించాల్సిన 'పిల్లలు' ఎవరంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని రాశారు. కోడలి పేరు లేదు. 2019లో కోడలినీ అల్లుడినీ చేరుస్తూ ఒక సవరణ బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. చట్టంలో పేరు లేని ఆ మనిషే మన ఇళ్లలో బెడ్‌పాన్ ఎత్తుతుంది. చట్టంలో పేరున్న కూతురింటికేమో పెద్దవాళ్లు రారు. "అల్లుడింట్లో ఎన్నాళ్లని ఉంటాం, నలుగురూ ఏమనుకుంటారు" అంటారు. నాన్నని హైదరాబాద్ తీసుకురావడానికి నాకు ఏడాది పట్టింది. వచ్చాక కూడా నెలనెలా మా ఆయన చేతిలో కవరు పెట్టబోయేవారు.

కొడుకులు ఎక్కువైతే వంతులు. అమ్మ పెద్దోడి దగ్గర, నాన్న చిన్నోడి దగ్గర. లెక్కకి న్యాయంగానే ఉంటుంది. అరవై ఏళ్లు కలిసున్న ఇద్దర్ని పంచుకున్నామన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాదు. నెలకొకరి దగ్గర అన్నా కష్టమే. ముప్పయ్యో తారీకు సంచి సర్దుకునే మనిషికి ఏ ఇల్లూ తనది కాదు. మతిమరుపు మొదలైనవాళ్లకైతే ఇల్లు మారడమే జబ్బు ముదిరినట్టుగా ఉంటుంది.

దగ్గరున్నవాళ్లకీ దూరాన ఉన్నవాళ్లకీ మధ్య వచ్చే గొడవ ఇంకో రకం. దగ్గరున్నవాళ్లు రోజురోజుకీ తగ్గుతున్న మనిషిని చూస్తారు కాబట్టి కొంచెం కొంచెంగా సర్దుకుంటారు. దూరాన ఉన్నవాళ్ల కళ్లలో మూడేళ్ల నాటి నాన్నే ఉంటారు. ఒక్కసారి విమానం దిగి వచ్చి ఐసీయూలో చూసేసరికి, ఆ తేడా అంతా తప్పుచేశామన్న బాధ అవుతుంది. ఆ బాధ డాక్టర్ మీద, చెల్లెలి మీద కోపంగా పడుతుంది. ఇది మన ఒక్కళ్ల సంగతే అనుకోకండి. విదేశీ డాక్టర్లు దీనికి 1991లోనే 'కాలిఫోర్నియా కూతురు' అని పేరు పెట్టారు. కాలిఫోర్నియాలో మాత్రం ఆ కూతురు న్యూయార్క్ నుంచి వస్తుందట.

మా అన్నయ్య ఉండేది డాలస్‌లో. ఏడాదిపాటు ఫోన్లో ఇద్దరం పోట్లాడుకున్నాం. "ఆ డాక్టర్‌ని మార్చు" అని తను, "వచ్చి నువ్వే మార్చు" అని నేను. చివరికి దారి చూపించింది టైం తేడాయే. నాన్నకి రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, ఆ తర్వాత నిద్ర పట్టేది కాదు. డాలస్‌లో అప్పుడు మధ్యాహ్నం. ఆ వేళకి వీడియో కాల్ చేసి నాన్నతో గంటసేపు మాట్లాడడం అన్నయ్య పని అయింది. ఇన్సూరెన్స్ క్లెయిములు, రిపోర్టులన్నీ స్కాన్ చేసి వరసలో పెట్టడం కూడా తనకే వదిలేశాను. నాకు ఏడాది తర్వాత మొదటిసారి తెల్లారేదాకా నిద్రపట్టింది.

ఆసుపత్రిలో

నాన్న బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ బాగా జరిగింది. మూడో రాత్రి మంచం మీద లేచి కూర్చుని అటెండెన్స్ తీసుకోవడం మొదలెట్టారు. 1978 నాటి పదో తరగతి 'బి' సెక్షన్, వరసగా పేర్లతో సహా. ఎవరూ "ప్రెజెంట్ సార్" అనకపోయేసరికి కోపం వచ్చి సెలైన్ పీకేశారు. డ్యూటీలో ఉన్నవాళ్లు చేతులు మంచానికి కట్టేశారు. "వయసు కదా మేడం, మతి పోయింది" అన్నారు. పొద్దున నేను గొడవపెట్టుకుంటే రక్తపరీక్ష చేశారు. సోడియం 121. మామూలుగా 135 పైన ఉండాలి. మెల్లమెల్లగా దాన్ని సరిచేసేసరికి, అక్కడినుంచి నాలుగో రోజున నాన్న నాన్నలాగే ఉన్నారు.

ఈ ఒక్క విషయం పది ఇళ్లలో తెలిసినా చాలు. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, నెలల మీద, ఏళ్ల మీద వస్తుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే దాన్ని డెలీరియం అంటారు. దానికి కారణం ఏదో ఒకటి ఉంటుంది. సోడియం పడిపోవడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, కొత్త మందు, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, నిద్ర లేకపోవడం. కళ్లజోడు, వినికిడి మిషన్ తీసి సంచిలో పడేసి పగలూ రాత్రీ తెలియని ఐసీయూలో పడుకోబెడితే మనకైనా మతి చలిస్తుంది. కారణం పట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది. "వయసు కదా" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

చివరిసారి న్యుమోనియాతో చేర్చినప్పుడు అడిగిన ప్రశ్న వేరు. వెంటిలేటర్ పెట్టమంటారా? ఐసీయూ బయట, చేతిలో ఫారం, పది నిమిషాల టైం. అంతకుముందు సంక్రాంతికి నాన్న పక్కింటాయన్ని చూసొచ్చి "నాకు మాత్రం గొట్టాలు పెట్టించకండర్రా" అన్నారు. అమ్మ విన్నది, నేను విన్నాను. అన్నయ్య వినలేదు. ఆ మాట కాగితం మీద ఉండి ఉంటే ఆ రాత్రి మేం ముగ్గురం అన్ని మాటలు అనుకునేవాళ్లం కాదు.

ఆ కాగితానికి చట్టబద్ధత ఉంది. కోలుకునే ఆశ లేని స్థితిలో ప్రాణం నిలిపే యంత్రాలు వద్దని ముందే రాసిపెట్టుకోవడాన్ని సుప్రీంకోర్టు 2018 మార్చిలో ఒప్పుకుంది. దీన్ని లివింగ్ విల్ అంటారు. అప్పుడు మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు, దాంతో ఎవరూ ఆ జోలికి పోలేదు. 2023 జనవరిలో సులువు చేశారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ముందు సంతకం చాలు. మన తరఫున ఎవరు నిర్ణయం చెప్పాలో కూడా అందులో రాయొచ్చు.

యంత్రాలు వద్దంటే వైద్యమే వద్దన్నట్టు కాదు. నొప్పి, ఆయాసం తగ్గించి మనిషిని తేలిగ్గా ఉంచే పాలియేటివ్ కేర్ ఒక పూర్తిస్థాయి వైద్యం. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో దానికి ప్రత్యేక విభాగమే ఉంది. తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ నిబంధనల్ని కేంద్రం 2014లో సడలించింది. అయినా "ఏం చేయకుండా వదిలేశారట" అని బంధువులు అంటారేమోనన్న భయం మనల్ని పట్టుకుంటుంది. నా మట్టుకు నేను ఆ రోజుల గురించి బాధపడేది వెంటిలేటర్ వద్దన్నందుకు కాదు. ఆ నిర్ణయం చెప్పాల్సినప్పుడు అన్నయ్యతో ఫోన్లో అరిచినందుకు.

ఎదురుగా ఉన్న మనిషి

మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని ఒక జాతీయ అధ్యయనం 2023లో అంచనా కట్టింది. మా అమ్మ ఇప్పుడు ఆ లెక్కలో ఉంది. పోపుల డబ్బా ముందే చెప్పింది, నేనే సరిగ్గా వినలేదు.

మనిషి ఎదురుగా ఉంటుంది, మనిషి ఉండదు. వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలతో పనిచేసిన పాలిన్ బాస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఇలాంటిదానికి 'తేలని నష్టం' (ఆంబిగ్యువస్ లాస్) అని పేరే పెట్టారు. శవం లేదు కాబట్టి ఏడవలేరు, మనిషి రాడు కాబట్టి ఆశపడలేరు. డిమెన్షియా ఉన్న ఇంట్లోనూ ఇదే జరుగుతుందని ఆవిడ చెప్పారు. మనకి దీనికో తంతు లేదు, పలకరించడానికి ఎవరూ రారు. అమ్మ ఒక్కోరోజు "నాన్నగారు ఇంకా రాలేదేమే" అంటుంది. మొదట్లో నిజం చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడ్చేది. ఇప్పుడు "ఏం చేసిపెడదాం ఆయనకి?" అంటాను. వంకాయ కూర గురించి మాట్లాడుకుంటాం. ఇది అబద్ధం కదా అని ఎవరైనా అంటే, కావచ్చు.

పదమూడో రోజు

నాన్న పోయింది గురువారం తెల్లవారుజామున. అన్నయ్య వచ్చేసరికి శనివారం సాయంత్రం. ఆ రెండున్నర రోజులూ నాన్న హాల్లో ఫ్రీజర్ బాక్సులో ఉన్నారు. అద్దం మీద చెమ్మ పట్టి ముఖం కనపడకుండా పోతుంటే అమ్మ పైటకొంగుతో తుడుస్తూ కూర్చుంది. ఎవరు తప్పించబోయినా లేవలేదు. పిల్లలు విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ల ఇళ్లలో ఇప్పుడు ఇది మామూలు దృశ్యమైపోయింది.

పెళ్లయిన కూతురికి మూడు రోజుల మైలే అన్నారు పురోహితుడు గారు. మా ఆఫీసువాళ్లు ఐదు రోజులు సెలవిచ్చారు. ఆ లెక్కన ఆఫీసే నయం. పదో రోజు అమ్మ గాజుల విషయం ఒకావిడ ఎత్తితే అన్నయ్య లేచి నిలబడి "మా ఇంట్లో అది లేదండీ" అన్నాడు. అప్పటిదాకా తనమీద ఉన్న కోపమంతా నాకు ఆ ఒక్క మాటతో పోయింది.

నమ్మకాల సంగతి పక్కన పెడితే, మన కర్మకాండ ఒక టైంటేబుల్. పదో రోజు, పన్నెండో రోజు, నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం, ఆపైన ఏటా తద్దినం, భాద్రపదంలో మహాలయ పక్షాలు, తెలంగాణలో పెత్రమాస. ముస్లింలకి మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చెహలుం. క్రైస్తవులకి ఆదరణ కూడిక, ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక. ఏడాదిపాటు ఎవరో ఒకరు ఆ గడప తొక్కేలా చేసే ఏర్పాటు ఇది. ఇప్పుడు అమెరికా సెలవులు రెండు వారాలే కాబట్టి మాసికాలన్నీ కలిపి పన్నెండో రోజే కానిచ్చేస్తున్నారు. తప్పుపట్టను, మేమూ అదే చేశాం. కానీ పదమూడో రోజు ఇల్లు ఖాళీ అవుతుంది. షామియానా వాళ్లు కుర్చీలు లెక్కపెట్టుకుని వెళ్లిపోతారు. పలకరింపు అసలు అవసరమయ్యేది ఆ రోజు నుంచి. మీ స్నేహితురాలి తండ్రి పోతే నాలుగో నెలలో ఒకసారి ఫోన్ చేయండి.

కాగితాలు మాత్రం ఆగవు. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. సర్టిఫికెట్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఆధార్‌తో కలిసిందో లేదో అక్కడే చూసుకోండి. అమ్మ ఇంటిపేరు నాన్న పెన్షన్ కాగితాల్లో అత్తింటిది, ఆధార్‌లో పుట్టింటిది ఉండేసరికి ఫ్యామిలీ పెన్షన్‌కి ఐదు నెలలు తిరిగాం. తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పొలం ఉంటే రికార్డుల్లో వారసుల పేర మార్పించే మ్యుటేషన్, తెలంగాణలో దాన్నే ఫౌతి అంటారు. ఏటీఎం కార్డు చేతిలో ఉంది కదా అని డబ్బు తీయకండి, ఖాతాదారు పోయాక అది చెల్లదు, రేపు తోబుట్టువుల ముందు సంజాయిషీ చెప్పుకోవాలి. సిమ్ మాత్రం వెంటనే ఆపేయించకండి. ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి. నేను ఏడాది రీఛార్జ్ చేశాను, అందులో ఓటీపీల కోసం చేసింది ఆర్నెల్లే.

ఇక దుఃఖం. ఐదు దశలని అందరూ చెబుతారు: ఒప్పుకోకపోవడం, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోవడం. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో అవి చెప్పింది చావుకి దగ్గరైన రోగుల గురించి. వాళ్లని పోగొట్టుకున్నవాళ్లకి అవి తర్వాత అంటించారు. ఏ వరసలోనూ రాకపోతే మనకేదో తేడా ఉందని కంగారుపడక్కర్లేదు. నాకు సరిగ్గా అతికింది నెదర్లాండ్స్‌లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో చెప్పిన మాట. దుఃఖంలో ఉన్న మనిషి రెండు ఒడ్ల మధ్య తిరుగుతూ ఉంటాడు. కాసేపు పోయినవాళ్ల దగ్గర, కాసేపు కరెంటు బిల్లు, పిల్లల ఫీజు దగ్గర. రెండూ కావాలి. నాన్న పోయిన తొమ్మిదో రోజు వంటింట్లో మా పెద్దమ్మ చెప్పిన జోకుకి పడీపడీ నవ్వి, వెంటనే సిగ్గుపడి నోరు మూసుకున్నాను. మూసుకోవాల్సిన పనిలేదని ఇప్పుడు తెలుసు.

అయితే ఆర్నెల్లు, ఏడాది దాటినా మనిషి మొదటి వారంలోలాగే ఉండిపోతే, నిద్రా తిండీ పనీ ఏదీ దారిలో పడకపోతే, చచ్చిపోవాలనిపిస్తుంటే అది ఓర్చుకోవాల్సిన దుఃఖం కాదు. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగానే గుర్తించింది, వైద్యం ఉంది. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ఏ వేళప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

నడివయసులో పోగొట్టుకునేది తల్లినో తండ్రినో మాత్రమే కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. చిన్నప్పుడు నేనెలా ఉండేదాన్నో చూసిన సాక్షులు పోతారు. నాకు ఆటలమ్మ పోసిన ఏడాది ఏదో ఇప్పుడు ఎవర్నడగను? ఆడవాళ్లకైతే పుట్టిల్లు అనే మాటకే అర్థం మారిపోతుంది. ఇల్లు అక్కడే ఉంటుంది, ఆవకాయ జాడీలూ అక్కడే ఉంటాయి. "ఎప్పుడొచ్చావే, తిన్నావా" అనేవాళ్లుండరు.

నాన్న సంవత్సరీకం అయ్యాక వచ్చిన తొలి సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టుకోవడానికి అమ్మని తీసుకుని షాపుకెళ్లాను. పంచె, కండువా తీశాను. బట్టలు కట్టుకోవాల్సిన కొడుకు డాలస్‌లో ఉన్నాడు, వచ్చాక కట్టుకుంటాడులే అనుకున్నాం. ఇంటికొచ్చి ఫొటో ముందు పెట్టబోతుంటే అమ్మ పంచె మడత విప్పి చూసింది. ఆ రోజు అమ్మకి అన్నీ గుర్తున్నాయి.

"ఇంత పెద్దంచు ఆయన కట్టరే. క్లాసులో పిల్లలు నవ్వుతారంటారు."

నేను బిల్లు వెతికాను. మళ్లీ ఆటో పిలిచి ఇద్దరం షాపుకెళ్లి, సన్నంచుది మార్చుకొచ్చాం.